అరుదైన రికార్డు అంటే ఏంటి?

పాట ఫోన్‌లో నొక్కగానే వస్తుంది. అయినా అదే పాట ఉన్న నల్లటి వినైల్ పళ్ళెం కోసం కొందరు లక్షలు ఎందుకు పోస్తారు? మన క్లాసులో ఎవర్ని అడిగినా "డబ్బులెక్కువై" అంటారు. కొంతవరకు నిజమే. కానీ ఎలక్ట్రానిక్ సంగీతం దగ్గరికొచ్చేసరికి ఇంకో కారణం కూడా ఉంది. ఇందులో చాలా భాగం పెద్ద కంపెనీలు వేసింది కాదు. కుర్రాళ్ళు ఇంట్లో గదిలో కూర్చుని చేసుకుని, చిన్న చిన్న లేబుళ్ళ మీద కొన్ని వందల కాపీలు వేసుకున్నది. ఆ కాపీలు ఎవరో ఒకరు దాచకపోతే ఆ సంగీతం మన దాకా వచ్చేదే కాదు.

అందుకే ఒక రికార్డు ఎలా అరుదైంది అన్నది ముందు చూడాలి. నా లెక్కలో ఇది మూడు రకాలు.

1. తక్కువ చేసినవి

స్కాట్లండ్‌కి చెందిన అన్నదమ్ములు ఇద్దరు, మైక్ శాండిసన్, మార్కస్ ఇయోన్. వీళ్ళ జట్టు పేరు బోర్డ్స్ ఆఫ్ కెనడా. 1995లో 'టూయిజం' అనే రికార్డు సొంత ఖర్చుతో సుమారు 100 కాపీలు వేశారు. తర్వాత వీళ్ళకి పేరొచ్చింది, ఆ 100 కాపీలకి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. 2002లో వార్ప్ లేబుల్ దాన్ని మళ్ళీ ముద్రించింది. అంటే ఇప్పుడు వినడానికి పాత కాపీ అక్కర్లేదు. అయినా పాత కాపీ ఖరీదే. అక్కడ కొనేది పాటని కాదు, వస్తువుని. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే మిగతా రెండు రకాలూ సులువుగా అర్థమవుతాయి.

2. బయటికే రానివి

వినైల్ తయారీ ఇలా ఉంటుంది. లక్క పూత ఉన్న పళ్ళెం మీద యంత్రం గాడిని చెక్కుతుంది. దానికి లోహపు పూత పోసి, అందులోంచి అచ్చులు తీస్తారు. అచ్చు బాగుందో లేదో చూడ్డానికి ముందుగా కొన్ని కాపీలు మాత్రమే వేస్తారు. వాటిని టెస్ట్ ప్రెసింగ్ అంటారు. ఆర్టిస్టు విని సరే అంటేనే మిగతావి.

ఏఫెక్స్ ట్విన్ అని మనకి తెలిసిన రిచర్డ్ డి. జేమ్స్, 1994లో 'కాస్టిక్ విండో' పేరుతో ఒక ఎల్‌పి సిద్ధం చేశాడు. తన సొంత లేబుల్ రెఫ్లెక్స్ మీద రావాలి. టెస్ట్ ప్రెసింగ్ దాకా వచ్చి ఆగిపోయింది. ఇరవై ఏళ్ళు అది వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది దగ్గరే ఉంది. 2014లో ఒక కాపీ 13,500 డాలర్లకి అమ్మకానికి వచ్చింది. ఒక్కరే కొనుక్కుని బీరువాలో పెట్టేసుకుంటే కథ అక్కడితో అయిపోయేది.

అలా జరగలేదు. అభిమానులు లేబుల్‌తో మాట్లాడి అనుమతి తీసుకున్నారు. కిక్‌స్టార్టర్‌లో చందాలు వేసుకున్నారు. 4 వేల మందికి పైగా కలిసి 67 వేల డాలర్లు దాటించారు. చందా ఇచ్చిన ప్రతి ఒక్కరికీ డిజిటల్ కాపీ వచ్చింది. తర్వాత ఆ పళ్ళేన్ని ఈబేలో వేలం వేస్తే 46,300 డాలర్లు పలికింది. కొన్నది మైన్‌క్రాఫ్ట్ గేమ్ సృష్టికర్త మార్కస్ పెర్సన్. వచ్చిన డబ్బుని ఆర్టిస్టుకి, చందాదారులకి, డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థకి పంచారు. పళ్ళెం ఒక్కరి దగ్గరికి వెళ్ళింది, పాట మాత్రం వేలమందికి చేరింది.

3. ఎవరూ కొననివి

మూడోది మన దేశం కథ. నాకైతే మూడింటిలో ఇదే పెద్ద కథ.

చరణ్‌జిత్ సింగ్ ముంబైలో హిందీ సినిమా పాటలకి వాయించే సంగీతకారుడు. 1982లో 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్' అనే ఎల్‌పి చేశాడు. గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా దాన్ని హెచ్‌ఎంవీ పేరు మీద విడుదల చేసింది. వాడిన యంత్రాలు మూడు, మూడూ రోలాండ్ కంపెనీవే: జూపిటర్-8 సింథసైజర్, టీఆర్-808 డ్రమ్ మెషీన్, టీబీ-303 బేస్ మెషీన్. ఒక్కో ట్రాక్ ఒక్కో హిందుస్తానీ రాగం. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్ళకి ఇవి కొత్త కాదు. భైరవ్ స్వరాలు మన మాయామాళవగౌళవే, అంటే సరళీ స్వరాలు మొదలుపెట్టే రాగం. మాల్కౌంస్ అంటే మన హిందోళం.

రికార్డు అమ్ముడుపోలేదు. జనం మర్చిపోయారు.

ఇక టీబీ-303 సంగతి. గిటారిస్టులు ఒంటరిగా సాధన చేసుకునేటప్పుడు వెనక బేస్ వాయించడానికి దీన్ని తయారుచేశారు. నిజమైన బేస్ గిటార్‌లా వినిపించలేదు కాబట్టి మార్కెట్‌లో దెబ్బతింది. 1984కల్లా తయారీ ఆపేశారు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిన ఆ పెట్టెతోనే షికాగోలో ఫ్యూచర్ అనే జట్టు 'యాసిడ్ ట్రాక్స్' చేసింది. 1987లో అది విడుదలైంది, యాసిడ్ హౌస్ అనే శైలి పుట్టింది. ఆ పెట్టె ప్రత్యేకత, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం. మన రాగాలకి ఆ జారుడు భలే నప్పింది.

2000ల మొదట్లో ఎడో బౌమన్ అనే డచ్ కలెక్టర్‌కి ఢిల్లీలో ఈ రికార్డు దొరికింది. విని ఆశ్చర్యపోయాడు. ముంబైలో చరణ్‌జిత్ సింగ్‌ని వెతికి పట్టుకున్నాడు. 2010లో తన బాంబే కనెక్షన్ లేబుల్ మీద మళ్ళీ విడుదల చేశాడు. చరణ్‌జిత్ సింగ్ ముసలితనంలో యూరప్ వెళ్ళి, కుర్రకారు ముందు ఆ రాగాలు వాయించాడు. 2015లో కన్నుమూశాడు.

"యాసిడ్ హౌస్ కనిపెట్టింది మనవాడే" అని నెట్‌లో తెగ రాస్తుంటారు. అక్కడ కాస్త ఆగాలి. ముందు చేయడం వేరు, దారి చూపడం వేరు. షికాగోవాళ్ళు ఈ రికార్డు విని నేర్చుకున్నారనడానికి ఆధారం లేదు. ఒకే యంత్రం, రెండు ఊళ్ళు, రెండు వేర్వేరు చెవులు. ఆ మాట ఒప్పుకుంటే ఆయన గొప్పతనం తగ్గదు.

రికార్డుని చదవడం

రికార్డు కొనేవాళ్ళు అట్ట చూసి ఆగరు. పాట అయిపోయాక లేబుల్‌కి ముందు కొంచెం ఖాళీ జాగా ఉంటుంది. అక్కడ గీసిన అంకెలు, అక్షరాలు చూస్తారు. దాన్నే మ్యాట్రిక్స్ నంబర్ అంటారు. ఏ చెక్కుడు నుంచి ఈ కాపీ వచ్చిందో అదే చెప్తుంది. గిట్‌లో కమిట్ ఐడీ లాంటిది అనుకోండి. కొందరు ఇంజనీర్లు అక్కడ సంతకం కూడా పెట్టేవాళ్ళు. జార్జ్ పెక్‌హామ్ చెక్కినవాటి మీద 'ఎ పోర్కీ ప్రైమ్ కట్' అని ఉంటుంది.

తర్వాత గ్రేడింగ్. మింట్, నియర్ మింట్, వెరీ గుడ్ ప్లస్, ఇలా కిందికి దిగుతాయి. జాగ్రత్త, ఇక్కడ 'గుడ్' అంటే మంచిది కాదు. బాగా గీతలు పడి, పాట అంతా చిటపటలాడే రికార్డుని కూడా గుడ్ అనే అమ్ముతారు.

ఈ వివరాలన్నీ ఒకచోట పెట్టే డేటాబేస్ డిస్కాగ్స్. కెవిన్ లెవాండోస్కీ 2000లో మొదలుపెట్టినప్పుడు అందులో ఎలక్ట్రానిక్ సంగీతం ఒక్కటే ఉండేది. ఒక ఆల్బమ్‌కి ఒక మాస్టర్ ఎంట్రీ, దాని కింద ప్రతి ముద్రణకీ విడిగా ఒక ఎంట్రీ. మన డీబీఎంఎస్‌లో చెప్పే వన్-టు-మెనీ సంబంధమే. ఆ వివరాలు ఎక్కించేది వాడేవాళ్ళే.

దాచడమా, పంచడమా?

మూడు కథల్లోనూ ఎవరో ఒకరు దాచారు, తర్వాత ఎవరో ఒకరు పంచారు. దాచి ఊరుకుంటే అది లాకర్‌లో బంగారంతో సమానం. దాచకుండా పంచుదామంటే చేతిలో ఏమీ ఉండదు. రెండూ కావాలి, పంచేముందు హక్కులున్నవాళ్ళ అనుమతీ కావాలి. స్ట్రీమింగ్ యాప్‌లో పాట ఉందిలే అని ధీమాగా ఉండలేం. లైసెన్సు అయిపోతే రాత్రికి రాత్రి మాయమవుతుంది.

మీ ఇంట్లో అటక మీద పాత రికార్డులుంటే ఈ సెలవుల్లో కిందికి దించండి. మెత్తటి గుడ్డతో గాడి వెంబడే దుమ్ము తుడవండి. లేబుల్ పక్కన గీసి ఉన్న నంబర్ రాసుకుని డిస్కాగ్స్‌లో వెతకండి. ఉంటే, దాని చరిత్ర తెలుస్తుంది. లేకపోతే, దాన్ని ఎక్కించే మొదటి మనిషి మీరే.