పని నడుమ విరామము – మానసిక ఆరోగ్యము

పని చేయువాడు ఒక్క నిమిషము చేతులు కట్టుకొని కూర్చున్నచో ‘ఖాళీగా కూర్చున్నాడు’ అని వేలెత్తి చూపుట మనలో అలవాటైనది. ఈ అలవాటు న్యాయమైనది కాదనియు, పని నడుమ లభించు స్వల్ప విరామము ఉద్యోగి మనస్సును కాపాడు సాధనములలో ఒకటియనియు ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

విరామము మనకు కొత్తది కాదు. తెలుగు పల్లెలలో ఉదయము తొమ్మిది, పది గంటల సమయమును ‘అంబటివేళ’ అందురు. తెల్లవారుజామున పొలమునకు పోయినవారు పని ఆపి అంబలి త్రాగు వేళ అది. గడియారము లేని రోజులలో విరామమే కాలమునకు పేరైనది. ఉర్దూలో నడుమ ఆగుటను ‘వఖ్ఫా’ అందురు. జొహర్ అజాన్ వినబడగానే దర్జీ మిషను ఆపి, వజూ చేసికొని, నమాజు ముగించి తిరిగి వచ్చి కూర్చుండుట మనమందరము ఎరిగినదే. ఆరాధనను విశ్రాంతిగా లెక్కింపరాదు. అయినను దినమంతయు పనియే మనుష్యుని మ్రింగివేయరాదను క్రమము అందు ఇమిడియున్నది.

ఇక శాస్త్రజ్ఞుల అనుభవమును చూతము. 1923లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున ఒక బట్టల మిల్లునందు నూలు వడకు విభాగములో పనివారు నిలువకుండిరి. సంవత్సరము తిరుగకముందే ఒక్కొక్క స్థానమున ఇద్దరు ముగ్గురు మారుచుండిరి. అదనపు డబ్బు ఆశ చూపినను ఫలితము లేకపోయెను. ఎల్టన్ మేయో అను ఆచార్యుడు వచ్చి పరిశీలించెను. దినమంతయు యంత్రముల నడుమ నడచుచు తెగిన పోగులు అతుకుట వారి పని. కాళ్ళు నొచ్చును, మాట్లాడుటకు తోడు లేదు, మనస్సు దిగులు ఆలోచనలలో మునిగిపోవును. మేయో వారికి పూటకు రెండుసార్లు పదేసి నిమిషముల విరామము ఇప్పించెను. పడుకొని విశ్రమింపవచ్చుననెను. దిగులు తగ్గెను, ఉత్పత్తి పెరిగెను, పని మానువారు అరుదైరి.

ఈ కథలో ముఖ్యమైన ఘట్టము తరువాతది. గిరాకి పెరిగినప్పుడు పై అధికారులు విరామమును రద్దు చేసిరి. కొలది దినములలోనే పాత నిరాశ తిరిగి వచ్చెను. పిదప ‘ఇంత పని చేసినచో విరామము’ అని షరతు పెట్టిరి, అదియు విఫలమాయెను. చివరకు మిల్లు అధ్యక్షుడే కలుగజేసికొని, నియమిత వేళకు యంత్రములను ఆపించి అందరికిని విరామము ఇప్పించిన పిదపనే స్థితి చక్కబడెను. అనగా విరామము బహుమానము కారాదు, హక్కు కావలెను. ‘ఇస్తారో, ఇవ్వరో’ అను బెంగతో కూడిన విరామము మనస్సునకు శాంతి నీయజాలదు.

అవధానమునకును ఒక పరిమితి కలదు. బ్రిటిషు శాస్త్రజ్ఞుడు మాక్‌వర్త్ రాడారు కాపలాదారుల సమస్యను తెలిసికొనుటకు ఒక గడియారపు ముల్లును ఎడతెగక చూచు పరీక్ష పెట్టెను. మొదటి అరగంట గడచునప్పటికే చూచువారి చురుకు తగ్గినదని 1948లో ప్రకటించెను. మేమును జవాబుపత్రములు దిద్దు దినములలో ఈ సత్యమును ఎరిగితిమి. లేవకుండ మూడు గంటలు దిద్దిన పిదప, ఉదయము చిరునవ్వుతో దాటవేసిన అక్షరదోషమే మాకు కోపము తెప్పించినది. లేచి, నీరు త్రాగి, చెట్టు క్రింద నాలుగు అడుగులు వేసి వచ్చి ఆ పత్రమునే మరల చూడగా రెండు మార్కులు అన్యాయముగా తగ్గించినట్లు తేలినది. అలసట మాది, నష్టము విద్యార్థిది!

2022లో రుమేనియా పరిశోధకులు 22 నమూనాలను కలిపి పరిశీలించి, పది నిమిషములకు మించని విరామములు ఉత్సాహమును పెంచి అలసటను తగ్గించునని తేల్చిరి. అయితే మిక్కిలి మేధాశ్రమ గల పనికి అంతకంటె దీర్ఘమైన విశ్రాంతి కావలెనని కూడ సూచించిరి.

చట్టములును ఈ అవసరమును గుర్తించినవి. ఐదు గంటలకు మించి ఏకధాటిగా పని చేయించరాదనియు, నడుమ కనీసము అరగంట విరామము ఉండవలెననియు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము నిర్దేశించెను. బట్టల దుకాణములలో దినమంతయు నిలుచుండు స్త్రీల మొర విని కేరళము 2018లోను, తమిళనాడు 2021లోను కూర్చుండు హక్కును చట్టమున చేర్చినవి.

విరామము సర్వరోగ నివారిణి కాదు. చాలని జీతము, అవమానకరమైన మాట, ఇద్దరి పని ఒక్కరిపై మోపుట – వీనిని పది నిమిషముల తేనీరు మాన్పజాలదు. కుంగుబాటు, ఆందోళనల వలన ప్రపంచమున ఏటా 1200 కోట్ల పనిదినములు నష్టమగుచున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. నిద్ర పట్టక, దిగులు వదలక వారములు గడచినచో వైద్యుని చూడవలెను. 2022లో ప్రారంభమైన ప్రభుత్వపు టెలి మానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేయవచ్చును.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి స్వల్పమైనది. ఉదయమొకమారు, మధ్యాహ్నమొకమారు పదేసి నిమిషములు గుమాస్తాకును అటెండరుకును విరామముగా నిర్ణయింపుడు. ఆ వేళలో ఫీజు కిటికీ మూసి, వేళను బయట వ్రాసి పెట్టుడు. ద్వారము వద్ద నిలుచుండువారికి ఒక స్టూలు వేయింపుడు. ఖర్చు అల్పము, ఫలము అధికము.

విద్యార్థులారా! రేపు మీలో కొందరు ఉద్యోగులగుదురు, కొందరు పదిమందిచే పని చేయించువారగుదురు. విరామవేళ చేతిలోని ఫోనును ప్రక్కన పెట్టి, లేచి నడచి, తోటివారితో రెండు మంచి మాటలాడుడు. మీ క్రింద పని చేయువాడు ఒక్క క్షణము ఆగి కూర్చున్నప్పుడు, అతడు సోమరియని తీర్మానించుటకు ముందు ఎన్ని గంటలుగా నిలుచున్నాడో అడిగి తెలిసికొనుడు.