ఒకే బస్సు, ఒకే బంతి: జంషెడ్‌పూర్ వనభోజనాలు

కార్తీకమాసమనగానే తెలుగువారికి వనభోజనాలు స్ఫురిస్తాయి. ఉసిరిచెట్టు నీడన వండుకొని, బంధుమిత్రులతో కలిసి భుజించడం మనకు తరతరాలుగా వస్తున్న ఆచారం. అయితే ఈ మాట తెలుగునాటి పొలిమేరలలో ఆగిపోలేదు. దీనినే వంగభాషలో 'బనభోజన్' అనీ, ఒడియాలో 'బణభోజి' అనీ, హిందీలో 'వనభోజ్' అనీ అంటారు. ఈ నాలుగు భాషలవారు ఒకే మాటను నాలుగు విధాలుగా పలుకుతూ, ఒకే బస్సెక్కి వనభోజనానికి వెళ్ళిన ఊరు ఒకటున్నది. అది ఉక్కునగరం జంషెడ్‌పూర్.

ఉక్కు పిలిచిన జనం

నేడు ఝార్ఖండ్‌లో ఉన్న ఈ నగరం 2000 నవంబరు 15 వరకు బీహారులో భాగం. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడేనాటికి ఇక్కడ ఉన్నది సాక్చి అనే పల్లె. దాని చుట్టూ సాలవనాలు, ఆదివాసుల పొలాలు. 1912లో ఇక్కడి కర్మాగారంలో తొలి ఉక్కు తయారైనది. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఈ ఊరికి జంషెడ్జీ టాటా పేరు పెట్టాడు. కాలీమాటి రైల్వేస్టేషను టాటానగర్ అయినది.

కొలువు కోసం నలుదిక్కులనుండి జనం వచ్చారు. నేటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలనుండి బయలుదేరిన తెలుగువారు బెంగాల్ నాగపూర్ రైలుమార్గాన ఖరగ్‌పూర్ చేరి, అక్కడినుండి పడమటి దిక్కుకు మళ్ళి టాటానగర్‌లో దిగేవారు. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామమందిరం వారి ఉనికికి సాక్ష్యంగా నేటికీ నిలిచి ఉన్నది. వారి ఇరుగుపొరుగులు బెంగాలీలు, ఒడియాలు, బీహారీలు, పంజాబీలు, తమిళులు, సంతాలీలు.

ఆరని కొలిమి

ఇనుమును కరిగించే బ్లాస్ట్‌ఫర్నేసును పండుగ వచ్చినదని ఆర్పివేయడం సాధ్యం కాదు. రేయింబవళ్ళు మూడు షిఫ్టులలో పని సాగవలసినదే. కాబట్టి ఆ ఊరిలో సెలవు అనేది పంచుకోవలసిన వస్తువు. ఒకరు దుర్గాపూజకు ఇల్లు చేరాలంటే మరొకరు కొలిమి దగ్గర నిలవాలి. సంక్రాంతికి తెలుగు కార్మికుడు సెలవు తీసుకొంటే, ఈద్‌నాడు అతడు ఆ ఋణం తీర్చుకోవాలి. ఉపన్యాసాలు వినకుండానే కార్మికులు నేర్చుకొన్న సహజీవన పాఠమిది.

బస్సు బయలుదేరే వేళ

కార్మికుని ఇంట సైకిలే వాహనమైన ఆ దశాబ్దాలలో విహారయాత్రకు ఆధారం అద్దెబస్సు. ఆ బస్సుకు ఆ ఊరితోనే చుట్టరికం ఉండేది. 1945లో స్థాపితమైన టెల్కో కర్మాగారం 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సంస్థతో ఒప్పందం చేసుకొని, జంషెడ్‌పూర్‌లో లారీల, బస్సుల చాసిస్‌లు తయారుచేయసాగినది. 1969లో ఆ ఒప్పందం ముగిసేవరకు వాటి ముందుభాగాన మూడు కోణాల నక్షత్రం మెరిసేది. తండ్రి బిగించిన మరచీలలున్న బండిలో బిడ్డలు విహారానికి వెళ్ళగల ఊళ్ళు దేశంలో ఎన్ని ఉంటాయి?

మంచుతెర విడవకముందే వీధి మొగలో బస్సు ఆగేది. గంగాళాలు, కట్టెలు, జంపఖానాలు పైకి ఎక్కేవి. కిటికీ పక్క చోటుకోసం పిల్లలు పోటీపడేవారు. ఊరు దాటగానే అంత్యాక్షరి మొదలయ్యేది. హిందీ సినిమా పాటలు తెలియనివాడు ఆ ఆటలో నెగ్గలేడు. అందుచేత తెలుగు పిల్లలు గురువు లేకుండానే హిందీ నేర్చారు.

దగ్గరి యాత్ర అయితే దల్మా కొండల పాదాన ఉన్న డిమ్నా జలాశయం. కొంచెం దూరమైతే సువర్ణరేఖ ఒడ్డునున్న ఘాట్‌శిలా. 'పథేర్ పాంచాలి' నవలాకారుడు విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ 1950లో కన్నుమూసినది అక్కడే. బెంగాలీ కుటుంబాలకు అది సాహిత్య తీర్థం. వారితో వెళ్ళిన తెలుగు బాలలు ఆ రచయిత పేరును పాఠ్యపుస్తకంలోకన్న ముందు ఆ నదీతీరాననే విన్నారు. ఇంకా దూరమైతే రాంచీ దారిలో దశం జలపాతం, రాంచీకి ఆవల సువర్ణరేఖ 98 మీటర్ల ఎత్తునుండి దూకే హుండ్రూ.

మధ్యాహ్నానికి బంతి సాగేది. సాలాకుల విస్తళ్ళలో తెలుగింటి పులిహోర, బీహారీల లిట్టీ-చోఖా, బెంగాలీల ఖిచుడీ పక్కపక్కనే చేరేవి. వడ్డించే చేయి ఏ భాషదో, ఏ కులానిదో అడిగేవారుండేవారు కారు. సొంత ఊరిలో వేర్వేరు బంతులలో కూర్చున్నవారి బిడ్డలు ఇక్కడ ఒకే వరుసలో కూర్చొన్నారు.

మరువరాని హెచ్చరిక

ఇంతమాత్రాన ఆ నగరం కలతలు ఎరుగనిదని భావించరాదు. 1964లోను, 1979 ఏప్రిల్‌లోను అక్కడ మతకల్లోలాలు చెలరేగాయి. 1979లో వందమందికి పైగా మరణించారు. సామరస్యం కోసం నిరాహారదీక్ష పూనిన ఉర్దూ కథకుడు జకీ అన్వర్ ఆ అల్లర్లలోనే ప్రాణాలు కోల్పోయాడు. ఒకే కొలిమి దగ్గర పనిచేసినంత మాత్రాన, ఒకనాడు ఒకే బంతిలో తిన్నంత మాత్రాన స్నేహం శాశ్వతం కాదని ఈ చరిత్ర తెలుపుతున్నది. కొలిమిని ఆరనీయకుండా కాచినట్లే స్నేహాన్నీ నిత్యం కాచుకోవాలి. వనభోజనం ఏటేటా జరగవలసిన అవసరం అందులోనే ఉన్నది.

నేటి చిత్రం

నేడు డిమ్నా గట్టున నూతన సంవత్సరదినాన జనసందోహానికి లోటులేదు. సువర్ణరేఖ, ఖర్‌కాయి నదులు కలిసే దోముహానీ వద్ద మకర సంక్రాంతికి టుసూ ఉత్సవం జరుగుతున్నది. 1958 మార్చి 1న జవాహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిన జూబిలీ పార్కు పచ్చగానే ఉన్నది. కాని ఇప్పుడు చాలామంది తమ తమ కార్లలో, తమ తమ కుటుంబాలతో వస్తున్నారు. ప్రయాణం సుఖమైనది, పక్క సీటులో కూర్చొనే పొరుగువాడు మాత్రం లేడు.

పాత బస్సులు తిరిగి రానక్కరలేదు. ఏ పాఠశాలయినా, కళాశాలయినా ఏటికి ఒకమారు వేర్వేరు ఇళ్ళ బిడ్డలను ఒకే బస్సులో ఎక్కించి, ఒకే బంతిలో కూర్చోబెట్టగలదు. పొరుగువాని పాట ఒకటి నేర్చి, పొరుగింటి వంట ఒకటి రుచిచూచి తిరిగివచ్చిన విద్యార్థికి జాతీయ సమైక్యత అనే మాటకు అర్థం వేరే చెప్పనక్కరలేదు.