గుండె కొట్టుకొనుచుండగా మరణమా?

పఠన భాగములు: ఆదికాండము 2:7, ప్రసంగి 12:7, 1 కొరింథీయులకు 15:35-44



ఆసుపత్రిలో వైద్యులు "బ్రెయిన్ డెత్" అని చెప్పినప్పుడు కుటుంబము తల్లడిల్లును. రొమ్ము కదులుచున్నది, చెయ్యి వెచ్చగానే ఉన్నది, అయినను మనిషి లేడందురు. ఆత్మ ఇంకా దేహములోనే ఉన్నదా? డాక్టరు మాట నమ్మిన యెడల విశ్వాసము తప్పినట్లా? ఈ ప్రశ్నలను మనము ముందుగానే ధ్యానించుకొందము.

1. విజ్ఞానము చెప్పునది

మెలకువను, శ్వాసను నడిపించునది మెదడు కాండము. అది పూర్తిగా చనిపోయిన తరువాత తిరిగి పనిచేయదు. గుండె మాత్రము, వెంటిలేటరు గాలి అందించుచుండగా, కొంతకాలము కొట్టుకొనును. కోమా వేరు, కోమానుండి కోలుకొన్నవారున్నారు. అందుచేతనే 1994 నాటి అవయవ మార్పిడి చట్టము ప్రకారము నలుగురు వైద్యులు, ఆరు గంటల ఎడముతో రెండుసార్లు పరీక్షలు జరిపి ధ్రువీకరించవలెను.

2. విజ్ఞానము చెప్పలేనిది

"నేను" అను తెలివి మెదడులో ఎట్లు కలుగుచున్నదో శాస్త్రజ్ఞులు నేటికిని ఏకాభిప్రాయమునకు రాలేదు. ఆత్మ ఏ స్కానులోను కనబడదు. ఊపిరి దేవుని వరమనియు, ఆత్మ దానిని ఇచ్చినవాని యొద్దకే మరలుననియు లేఖనము బోధించుచున్నది. యంత్రము ఆ వరమును కాపాడుటకు తోడ్పడునే గాని, పోయినదానిని తిరిగి ఇయ్యలేదు. కాబట్టి మరణ ఘడియను గుర్తించుట వైద్యుని పని. మరణించినవారిని ఎవరి చేతికి అప్పగించుచున్నామో చెప్పునది విశ్వాసము.

3. మన చెన్నైలో

2008 సెప్టెంబరులో రోడ్డు ప్రమాదమునకు గురైన 15 ఏండ్ల హితేంద్రన్‌కు మెదడు మరణము సంభవించెను. తల్లిదండ్రులిద్దరును వైద్యులే. వారు కుమారుని అవయవములను దానము చేయగా, అతని గుండె 9 ఏండ్ల బాలికకు అమర్చబడెను. 2023 నుండి అట్టి దాతల అంత్యక్రియలు ప్రభుత్వ గౌరవముతో జరుగునని తమిళనాడు ప్రభుత్వము ప్రకటించెను.

అవయవములు తీసిన దేహము పునరుత్థానమందు లేచునా అని కొందరు భయపడుదురు. సముద్రములో మునిగినవారిని, అగ్నిలో కాలినవారిని లేపగల దేవునికి ఇది అడ్డమా? పౌలు చెప్పిన విత్తనపు పోలికను చదువుడి. అయితే దానము బలవంతము కాదు. ఇయ్యలేకపోయిన కుటుంబమును నిందింపకూడదు.

చర్చించుకొనుటకు:

1. మన కోరిక ఏమిటో ఇంటివారికి చెప్పియున్నామా?
2. అట్టి దుఃఖములోనున్న కుటుంబమునకు, తీర్పు తీర్చక, మన సంఘము ఎట్లు తోడుగా నిలువగలదు?