భూసేకరణము: పొరుగువాని తీర్పు, మన మూడు నెలలు

మంచిర్యాల ప్రాంతపు రైతునకు భూమి కోల్పోవుట క్రొత్త సంగతి కాదు. బొగ్గు గనులకును, గోదావరిపై ఎల్లంపల్లి జలాశయమునకును పట్టా భూములు పోయినవి. ఇట్టి సందర్భములలో ఒకరిద్దఱు పరిహారము చాలదని కోర్టుకు పోవుదురు. తక్కినవారు ఇచ్చినది పుచ్చుకొని ఊరకుందురు. అట్లు ఊరకున్నవారికిని చట్టము ఒక హక్కు నిచ్చినది. దాని గడువు మూడు నెలలు మాత్రమే. ఈ పాఠమున దానిని వివరించుచున్నాము.

1894 నాటి భూసేకరణ చట్టమునకు 1984లో 28-ఏ అను సెక్షను చేర్చబడినది. ఒకే నోటిఫికేషను క్రింద పలువురి భూములు తీసికొనబడి, వారిలో ఒకరికి కోర్టు పరిహారమును హెచ్చించినచో, కోర్టుకు పోని తక్కినవారును ఆ రేటు ప్రకారము తమకును నిర్ణయింపుమని కలెక్టరునకు దరఖాస్తు చేయవచ్చును. 2014 జనవరి 1 నుండి అమలునకు వచ్చిన 2013 చట్టములోను 73వ సెక్షను ఈ హక్కునే నిలిపినది.

ఉదాహరణమునకు, రామయ్య, మల్లయ్య అను ఇరువురి భూములు ఒకే నోటిఫికేషను క్రింద పోయిన వనుకొందము. ఎకరమునకు 5 లక్షల చొప్పున ఇద్దఱికి నిర్ణయమైనది. రామయ్య కోర్టుకు పోగా 8 లక్షలైనది. మల్లయ్యకు 2 ఎకరములు పోయినచో, దరఖాస్తు పెట్టనందున అతడు కోల్పోవునది 6 లక్షలు.

ఈ విషయమున సుప్రీంకోర్టు తీర్పులు మూడింటిని రైతులు తెలిసికొనవలయును.

మొదటిది: ఆక్షేపణ తెలుపక సొమ్ము పుచ్చుకొన్నవాడు అర్హుడా? అర్హుడే. సొమ్మును ఆక్షేపణతో పుచ్చుకొన్నను, ఆక్షేపణ లేక పుచ్చుకొన్నను, 28-ఏ దరఖాస్తునకు అడ్డు లేదని 2002లో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తేల్చినది.

రెండవది: మూడు నెలలు ఎప్పటి నుండి లెక్కింపబడును? కోర్టు తీర్పు నాటినుండియే కాని, ఆ సంగతి రైతునకు తెలిసిన నాటినుండి కాదు. ఇది 2003లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కక్షిగా నున్న వ్యాజ్యమున నిర్ణయమైనది. తీర్పు చెప్పిన దినమును, నకలు పొందుటకు పట్టిన కాలమును మాత్రము గడువునుండి తీసివేయుదురు.

మూడవది: పై కోర్టు హెచ్చించినచో ఏమి? క్రింది కోర్టు తీర్పే కాక, అప్పీలుపై హైకోర్టు హెచ్చించిన పరిహారమును ఆధారము చేసికొనియు దరఖాస్తు పెట్టవచ్చునని 2024 డిసెంబరులో హర్యానా రైతుల వ్యాజ్యమున చెప్పబడినది.

వీనిలో రెండవదియే మన రైతులకు చిక్కు తెచ్చునది. పొరుగువాని వ్యాజ్యము ఏ కోర్టులో ఎన్నడు తేలినదో పొలములో నున్నవానికి ఎట్లు తెలియును? తెలియలేదన్న మాటను చట్టము వినదు. కావున తెలిసికొను ఏర్పాటు మనమే చేసికొనవలయును. ఇది ఒక్కని వలన కాదు. సంఘము వలన అగును. ప్రతి సంఘమును ఒక పుస్తకమును పెట్టి, అందు గ్రామమున భూమి పోయిన ప్రతి సభ్యుని నోటిఫికేషను సంఖ్య, తేది, సర్వే నంబరు, అవార్డు తేది వ్రాయవలయును. ఆ నోటిఫికేషనుపై నడచుచున్న వ్యాజ్యముల సంఖ్యలను చేర్చి, నెల కొకసారి వకీలును విచారించుచుండవలయును. తీర్పు వచ్చిన వెంటనే నకలునకు అర్జీ పెట్టి, సభ్యులందఱి దరఖాస్తులను గడువులోపల కలెక్టరు కార్యాలయమున దాఖలు చేయించి రసీదులు పుచ్చుకొనవలయును.

ఇక ముందు భూమి పోవువారికి ఒక హెచ్చరిక. పొరుగువాని తీర్పుకై కాచుకొని యుండుట కంటె స్వయముగా అడుగుట మేలు. 2013 చట్టము క్రింద సొమ్ము పుచ్చుకొనునప్పుడు "చాలదను ఆక్షేపణతో పుచ్చుకొనుచున్నాను" అని వ్రాయనిచో, 64వ సెక్షను క్రింద హెచ్చింపు కోరు హక్కు పోవును. అవార్డు చెప్పునప్పుడు హాజరైనవారు ఆఱు వారములలో ఆ దరఖాస్తు పెట్టవలయును.

మఱియు నోటీసు ఏ చట్టము క్రింద వచ్చినదో మొదట చూడవలయును. బొగ్గు భూములకు 1957 నాటి ప్రత్యేక చట్టము కలదు. దాని క్రింద పరిహార వివాదము ట్రిబ్యునలునకు పోవును, దారి వేఱు. సందేహ మున్నచో నోటీసుతో సంఘ కార్యదర్శిని కలిసికొని, ఆ పిమ్మటనే సంతకము చేయవలయును.