గృధ్రసీ వాతము (సయాటికా): మృదువుగా సాగదీయు వ్యాయామములు

నడుములో మొదలై, పిరుదు మీదుగా తొడ వెనుక భాగమునకు, పిక్కకు, ఒక్కొక్కప్పుడు పాదమునకు తీగ లాగినట్లు పాకు నొప్పినే నేడు సయాటికా అనుచున్నారు. ఆయుర్వేదమున దీని పేరు గృధ్రసి. గృధ్రమనగా రాబందు. రోగి కాలీడ్చుచు నడచు తీరు రాబందు నడకను పోలియుండుటచే ఈ పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. చరక సంహిత దీనిని వాతవ్యాధులలో చేర్చి, వాతజము, వాతకఫజము అని రెండు విధములుగా విభజించినది.

శరీరములోకెల్ల లావైన నరమిది. వెన్ను దిగువ భాగమున వెలువడు 5 నాడీ మూలములు కలసి ఏర్పడును. వెన్నుపూసల నడుమ మెత్తవలెనుండు డిస్క్ జారి ఈ మూలములలో ఒకదానిని ఒరయుటయే తరచుగా నొప్పికి కారణము.

మాది భావనపాడు. తడిసిన వలలు మోయు మత్స్యకారులకు, పలాసలో దినమంతయు కూర్చుండి జీడిపిక్కలు ఒలుచు స్త్రీలకు నడుము నొప్పి కొత్త కాదు. ఉపాధ్యాయుడనైన నాకు మాత్రము బియ్యపు బస్తా వంగి ఎత్తిన నాడు ఇది మొదలైనది. దుకాణములో అడిగి తెచ్చుకొన్న నొప్పి మాత్రలు రెండు నెలలు మ్రింగితిని. అప్పుడు టెక్కలిలో చూపించుకొనగా వైద్యుడు మొదట అడిగిన మాట ఇది: "మాస్టారూ, మీది ఏ ప్రాంతమో మరచిపోయారా?"

ఆ ప్రశ్నలోని భావము మా ప్రాంతమువారికి వేరుగా చెప్పనక్కరలేదు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మొదలగు మండలముల ఉద్దానములో మూత్రపిండముల వ్యాధి దశాబ్దములుగా ఇండ్లను కూల్చుచున్నది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు, పరిశోధన కేంద్రమును ప్రారంభమైనవి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు మూత్రపిండములకు చేరు రక్తమును తగ్గించును. చెమటతో ఒంటినీరు తగ్గినవారికి హాని మరింత ఎక్కువ. పరీక్షలో నా క్రియాటినిన్ హద్దు దాటియున్నది. మాత్రలు మానిన పిదప మరల హద్దులోనికి వచ్చినది.

ఆనాటినుండి నేను చేసిన అభ్యాసము ఇది. నిద్ర లేచిన వెంటనే డిస్కులు నీటితో ఉబ్బియుండును గనుక గంటసేపు ఆగి, చాపపై చేయవలెను.

1. వెల్లకిల పరుండి, ఒక మోకాలిని రెండు చేతులతో పట్టి మెల్లగా రొమ్మువైపు తెచ్చుకొనవలెను. తల ఎత్తరాదు.

2. అట్లే పరుండి మోకాళ్లు మడచి, నొప్పిగల కాలి చీలమండను రెండవ మోకాలిపై అడ్డముగా ఉంచి, క్రింది తొడను తనవైపు లాగుకొనవలెను. పిరుదులోని బిగువు సడలును.

3. బోర్ల పరుండి, మోచేతులపై ఆనుకొని రొమ్మును కొద్దిగా పైకెత్తవలెను. కాలి నొప్పి నడుమువైపు మరలినచో మంచి గుర్తు. క్రిందికి దిగినచో మానవలెను.

ఒక్కొక్కటి 20 సెకనులు, మూడేసి మార్లు, ఉదయము, సాయంకాలము చేయవలెను. మొదటి రెండింటిని రెండు కాళ్లకును చేయవలెను. లాగినట్లుండుట సరియే, పొడిచినట్లుండరాదు. కుదుపరాదు. పశ్చిమోత్తానాసనము, పాదహస్తాసనము ఈ దశలో తగవు.

దీనికి ముందు గోరువెచ్చని నువ్వులనూనె రాసి, వావిలాకు కాచిన నీటిలో తడిపి పిండిన గుడ్డతో కాపడము పెట్టితిని. తిమ్మిరిగల చోట వేడి తెలియదు. చేతితో పరీక్షించి పెట్టవలెను. మూత్రపిండముల దోషము గలవారు వైద్యుని అడుగక ఏ కషాయమును, భస్మమును లోనికి పుచ్చుకొనరాదు.

దినమెల్ల మంచము పట్టరాదు, ఓర్చుకొనగలిగినంత నడువవలెను. ఈ వ్యాయామములు జారిన డిస్కును లోనికి నెట్టవు. ప్రకృతి మాన్పునంతవరకు కండరముల బిగువు తగ్గించి తోడ్పడును. చాలమందికి 6 నుండి 12 వారములలో నొప్పి తగ్గును. నాకు తొమ్మిదవ వారమున తగ్గినది.

కాని మలమూత్రములు స్వాధీనము తప్పినను, మూత్రము బిగిసినను, కూర్చుండు చోట స్పర్శ పోయినను, పాదము వ్రేలాడినను గంటయైనను ఆలసింపక ఆసుపత్రికి పోవలెను. జ్వరము గాని, కారణము లేక బరువు తగ్గుట గాని తోడైనను వైద్యునికి చూపవలెను.

నొప్పి కొన్ని వారములది; మూత్రపిండములు జీవితకాలమునకు కావలసినవి. మాత్రల పొట్లము విప్పుటకు ముందు చాప పరచుడు.