వెనుక చక్రాల బుష్‌లు: ఎంపిక, అమరిక - ఒక అధ్యయనం

మన సాంఘిక సంక్షేమ వసతి గృహం వార్షికోత్సవ సంచికలో పాఠంలాంటి వ్యాసం ఒకటి రాయమని సంపాదక వర్గం కోరినప్పుడు, ఏ విషయం తీసుకోవాలా అని మేము ముగ్గురం చాలాసేపు ఆలోచించాం. ఈ వసతి గృహంలోనే చదువుకుని, ప్రస్తుతం మెషీన్ డిజైన్‌లో ఎం.టెక్ చేస్తున్నాం. మా ముగ్గురి ఇళ్ళలోనూ డిగ్రీ పట్టా చూసిన మొదటి వాళ్ళం మేమే. మన తమ్ముళ్ళలో చాలామంది ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ వైపు వెళుతున్నారు. కొందరు సెలవుల్లో మెకానిక్ షెడ్లలో పని చేస్తున్నారు. వారికి చేతిలో పనికొచ్చే విషయమైతే బాగుంటుందని ఈ అంశం ఎంచుకున్నాం.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది. మాలో ఒకరి అన్న ఒక షెడ్డులో మెకానిక్. పాత ఫోర్డ్ ఐకాన్ 1.6 కారుకు ఆయన వెనుక బుష్‌లు కొత్తవి వేశాడు. ఆరు నెలలు తిరగకముందే ఆ కారు మళ్ళీ అదే చప్పుడుతో వచ్చింది. రబ్బరు చీలిపోయింది. బుష్‌ల ఖర్చు కింద అన్న జీతంలోంచి 2 వేల రూపాయలు కోశారు. "సామాను డూప్లికేటా, నా పని తప్పా? మీరు చదువుకున్నోళ్ళు, చూసి చెప్పుండ్రి" అని ఆయన ఆ చీలిన బుష్ మా చేతిలో పెట్టాడు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు మేము వెతుక్కున్న జవాబే.

1. ఐకాన్ కారు, దాని వెనుక సస్పెన్షన్

ఫోర్డ్ ఐకాన్ 1999లో మన దేశంలో విడుదలైంది. చెన్నై దగ్గర మరైమలై నగర్ కర్మాగారంలో తయారయ్యేది. 1.6 పెట్రోలు ఇంజను ఉన్న కారును ఆ రోజుల్లో 'జోష్ మెషీన్' అని ప్రకటించేవారు. మామూలు కుటుంబ కారు ధరలో హుషారుగా పరిగెత్తే కారు కావాలనుకున్నవాళ్ళు దాన్ని ఇష్టపడ్డారు, ర్యాలీలలో కూడా నడిపారు. భారత్‌లో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ఫోర్డ్ సంస్థ 2021 సెప్టెంబరులో ప్రకటించింది. ఇప్పుడు మిగిలిన ఐకాన్‌లన్నీ పాతవే. ఇష్టంగా దాచుకున్నవాళ్ళు వాటిని షెడ్లకు తెస్తూనే ఉన్నారు.

ఈ కారు ముందు చక్రాలతో లాగే రకం. వెనుక ఉన్నది ట్విస్ట్ బీమ్ యాక్సిల్. అనగా రెండు పొడవాటి చేతులు, వాటిని కలుపుతూ అడ్డంగా ఒక ఉక్కు దూలం. చేతుల వెనుక కొసన చక్రాలు ఉంటాయి. ముందు కొసన ఒక్కో రింగు, ఆ రింగులో బిగించిన బుష్ ఉంటాయి. బుష్ మధ్యలోంచి పోయే బోల్టు యాక్సిల్‌ను బాడీకి పట్టి ఉంచుతుంది. ఒక చక్రం గుంతలో దిగినప్పుడు అడ్డ దూలం కొద్దిగా మెలి తిరుగుతుంది కాబట్టే దీనికి ఆ పేరు.

2. బుష్ అంటే ఏమిటి?

రెండు ఉక్కు గొట్టాలు, ఒకదానిలో ఒకటి. మధ్యలో రబ్బరు. ఈ రబ్బరు రెండు గొట్టాలకూ గట్టిగా అతికి ఉంటుంది. బోల్టు బిగించగానే లోపలి గొట్టం బాడీకి అంటుకుని కదలకుండా నిలిచిపోతుంది. బయటి గొట్టం యాక్సిల్‌తోపాటు తిరుగుతుంది. చక్రం పైకీ కిందికీ ఆడిన ప్రతిసారీ మధ్యలోని రబ్బరు మెలి తిరిగి మళ్ళీ యథాస్థితికి వస్తుంది.

తలుపు బందులో పిన్ను జారుతూ తిరుగుతుంది. ఇక్కడ జారడం లేదు. రబ్బరే బందు. అందుకే దీనికి గ్రీజు అక్కర్లేదు, వేయకూడదు కూడా. సహజ రబ్బరుకు నూనె, గ్రీజు శత్రువులు.

3. అరిగితే ఏమవుతుంది?

వెనుక చక్రాలకు స్టీరింగు లేదు కాబట్టి అవి ఎప్పుడూ నిటారుగానే ఉంటాయని అనుకుంటాం. అది పూర్తిగా నిజం కాదు. మలుపులో నేల చక్రాలను పక్కకు తోస్తుంది. చక్రాలు బుష్‌ల కంటే వెనుక ఉన్నాయి కాబట్టి, రబ్బరు మెత్తబడితే యాక్సిల్ మొత్తం కొద్దిగా వంకర తిరుగుతుంది. ఒక బుష్ ముందుకు, ఇంకోటి వెనక్కు జరుగుతుంది. ఫలితంగా వెనుక చక్రాలు మలుపుకు ఎదురు దిశలో తిరుగుతాయి, కారు తోక బయటికి పోతుంది.

చిన్న లెక్క చూద్దాం. రెండు బుష్‌ల మధ్య దూరం 1200 మి.మీ. అనుకుందాం. ఒకటి 3 మి.మీ. ముందుకు, ఇంకోటి 3 మి.మీ. వెనక్కు జరిగాయి. మొత్తం తేడా 6 మి.మీ. దాన్ని 1200తో భాగిస్తే 0.005 రేడియన్లు, అంటే సుమారు 0.3 డిగ్రీ. చాలా చిన్న కోణంలా కనిపిస్తుంది. కాని ఆ కోణంలో 100 మీటర్లు పోతే అర మీటరు పక్కకు జరిగినట్టు. వేగంగా పోతూ ఎదురుగా గేదె వచ్చిందని స్టీరింగు తిప్పినవాడికి ఆ తేడా ప్రాణం మీదికి తేవచ్చు.

గుర్తించే ఆనవాళ్ళు: స్పీడు బ్రేకరు దిగేటప్పుడు వెనుక 'దబ్' మన్న చప్పుడు, స్టీరింగు తిప్పిన క్షణం తరువాత వెనుక భాగం ఆలస్యంగా కదలడం, వెనుక టైర్లు ఒక అంచునే అరగడం. ఇవే లక్షణాలు షాక్ అబ్జార్బరు పాడైనా రావచ్చు. కాబట్టి కారు ఎత్తి, స్టాండ్ల మీద నిలిపి, బుష్ పక్కన చిన్న గడ్డపార కొస పెట్టి మెల్లగా నెట్టి చూడాలి. పైపైన సన్నని గీతలు ఉంటే భయం లేదు. లోతుగా చీలినా, రబ్బరు గొట్టం నుంచి ఊడినా మార్చాల్సిందే.

4. ఏ బుష్ ఎంచుకోవాలి?

(అ) కంపెనీ రకం రబ్బరు బుష్: ఇటువంటి బుష్‌లలో చాలావాటికి రబ్బరు మధ్య కావాలనే ఖాళీలు వదులుతారు. ఖాళీ ఉన్న దిశలో బుష్ మెత్తగా, లేని దిశలో గట్టిగా ఉంటుంది. గుంతల దెబ్బ లోపలికి తగలకుండా, అదే సమయంలో మలుపులో కారు ఊగకుండా ఉండటానికి ఈ ఏర్పాటు. రోజూ ఇంటి అవసరాలకు తిరిగే కారుకు ఇదే మంచిది.

(ఆ) గట్టి రబ్బరు బుష్: ఖాళీలు లేకుండా లేదా తక్కువగా, గట్టి రబ్బరుతో చేసినది. కారు మాట వింటుంది, కుదుపు కొంత పెరుగుతుంది.

(ఇ) పాలీయురెథేన్ బుష్: రంగురంగులుగా దొరికేది ఇదే. ఇందులో సాధారణంగా లోపలి గొట్టం అతికి ఉండదు, జారుతూ తిరుగుతుంది. కాబట్టి దానితో ఇచ్చే ప్రత్యేక గ్రీజు పూయాలి, లేకపోతే కీచుమంటుంది. పోటీల్లో నడిపేవారికి ఉపయోగం. కాని ట్విస్ట్ బీమ్‌లో ఒక చక్రం మాత్రమే లేచినప్పుడు బుష్ పక్కకు కూడా ఒరగాలి. మరీ గట్టి బుష్ అలా ఒరగనివ్వదు, ఆ భారం బ్రాకెట్టు మీద పడుతుంది.

(ఈ) పేరూ ఊరూ లేని చవక బుష్: రబ్బరు నాణ్యత కంటితో తెలియదు. కనీసం పాతదానితో పక్కపక్కన పెట్టి బయటి వ్యాసం, లోపలి వ్యాసం, పొడవు, ఖాళీల ఆకారం వెర్నియర్‌తో కొలిచి చూడండి. డబ్బా మీద తయారీ తేదీ ఉంటే చూడండి. ఏళ్ళ తరబడి అరల్లో పడి ఉన్న రబ్బరు వాడకుండానే గట్టిపడుతుంది.

ఏది కొన్నా రెండు వైపులా ఒకే రకం, ఒకేసారి వేయాలి.

5. చీలిన బుష్ చెప్పిన సంగతి

అన్న ఇచ్చిన బుష్‌ను కోసి చూశాం. చీలిక బయటి గొట్టం దగ్గర లేదు, లోపలి గొట్టాన్ని ఆనుకుని చుట్టూ పాకింది. మెలి బలంలో రబ్బరు మీద పడే ఒత్తిడి వ్యాసార్థపు వర్గానికి విలోమంగా ఉంటుందని మన పాఠ్యపుస్తకాల సూత్రమే. లోపలి వ్యాసార్థం 10 మి.మీ., బయటిది 20 మి.మీ. అయితే లోపలి అంచున ఒత్తిడి నాలుగు రెట్లు. కనుక రబ్బరు అతిగా మెలి తిరిగితే మొదట చీలేది అక్కడే. అంటే ఈ బుష్ అతిగా మెలి తిరిగింది. ఎందుకు?

అన్నను అడిగాం, బోల్టు ఎప్పుడు బిగించావని. "తమ్మీ, కారు లిఫ్టు మీద ఉన్నప్పుడే బిగిస్తం. కిందికి దించినంక స్పానర్ పట్టే జాగ యాడుంటది?" అన్నాడు.

జవాబు అక్కడే దొరికింది. కారు లిఫ్టు మీద ఉన్నప్పుడు చక్రాలు కిందికి వేలాడుతుంటాయి. ఆ స్థితిలో బోల్టు బిగిస్తే లోపలి గొట్టం అక్కడే పట్టుకుపోతుంది. రబ్బరుకు అదే విశ్రాంతి స్థానం అవుతుంది. కారు నేల మీదికి దిగగానే చక్రాలు పైకి వస్తాయి, రబ్బరు మెలి తిరిగిన స్థితిలోనే పగలూ రాత్రీ నిలబడి ఉంటుంది.

దీనికీ లెక్క వేశాం. చేయి పొడవు 400 మి.మీ., వేలాడినప్పుడు చక్రం 80 మి.మీ. కిందికి దిగుతుంది అనుకుంటే, కోణం సుమారు 11.5 డిగ్రీలు. గుంతలో చక్రం ఇంకో 60 మి.మీ. పైకి లేస్తే మరో 8.6 డిగ్రీలు. వేలాడినప్పుడు బిగించిన బుష్ మొత్తం 20 డిగ్రీలు మెలి తిరగాలి. నిలబడిన ఎత్తులో బిగించినది 8.6 డిగ్రీలు తిరిగితే చాలు, ఆగి ఉన్న కారులో దానికి మెలి అసలే ఉండదు.

సామాను నాసిరకం కావచ్చు, కాకపోవచ్చు. ఎంత మంచి సామాను వేసినా ఈ పద్ధతిలో త్వరగా చీలేదే. అన్న చేసింది షెడ్డులో అందరూ చేసేదే. ఎవరూ ఆయనకు కారణం చెప్పలేదు.

6. అమర్చే పద్ధతి

ఒక ఆదివారం ఆ షెడ్డులోనే, అన్నతో కలిసి, కొత్త బుష్‌లు వేశాం. మేము పాటించిన వరుస ఇది.

1) సమతల నేల మీద కారు నిలిపి, ఎత్తకముందే, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు ఎత్తు కొలిచి రెండు వైపులా రాసుకోవాలి. ఈ పనికి ఈ అంకెే ప్రాణం.

2) ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క అడ్డులు వేయాలి. హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనుక చక్రాలనే కాబట్టి, వెనుక భాగం ఎత్తాక అది కారును ఆపదు. జాకీ మీద మాత్రమే ఉన్న కారు కిందికి ఎన్నడూ దూరవద్దు. స్టాండ్లు తప్పనిసరి.

3) బోల్టులకు ముందు రోజు సాయంత్రమే తుప్పు వదిలించే నూనె కొట్టాలి. అది రబ్బరు మీద పడకుండా చూడాలి.

4) యాక్సిల్‌ను జాకీతో ఆనించి బోల్టులు తీసి, మెల్లగా దించాలి. దాని బరువు బ్రేకు గొట్టాల మీద, హ్యాండ్ బ్రేక్ తీగ మీద పడకూడదు.

5) పాత బుష్ ఖాళీలు ఏ దిశలో ఉన్నాయో రింగు మీద గుర్తు పెట్టాలి. దాన్ని కారు మాన్యువల్‌తో సరిచూడాలి.

6) పొడవాటి మరబోల్టు, సరైన కొలత గొట్టం ముక్కలు పెట్టి లాగి తీయాలి. గ్యాసు మంటతో రబ్బరు కాల్చడం షెడ్లలో చూస్తుంటాం. దగ్గరలోనే పెట్రోలు ట్యాంకు ఉంటుంది, పొగ కూడా విషమే. రాకపోతే బయటి గొట్టాన్ని హాక్సా బ్లేడుతో, రింగుకు గాటు పడకుండా కోయాలి.

7) రింగు లోపల ఎమరీ కాగితంతో శుభ్రం చేసి, సబ్బు నీళ్ళు రాసి కొత్త బుష్ ఎక్కించాలి. బలం బయటి గొట్టం మీదే పడాలి, రబ్బరు మీద కాదు.

8) బోల్టులు చేతితో మాత్రమే తిప్పి వదలాలి. తరువాత జాకీతో యాక్సిల్‌ను పైకి లేపి, మొదట రాసుకున్న ఎత్తు వచ్చేవరకు తేవాలి. కారు స్టాండ్ల మీది నుంచి లేవకుండా కనిపెట్టి చూడాలి. అప్పుడు కొత్త నట్లతో, మాన్యువల్‌లో చెప్పిన బిగింపుకు టార్క్ రెంచ్‌తో బిగించాలి.

9) కొద్ది దూరం నడిపి, బోల్టులు మళ్ళీ చూసి, వెనుక చక్రాల అలైన్‌మెంటు కొలిపించాలి. ఇటువంటి యాక్సిల్‌లో సాధారణంగా సరిచేసే మర ఉండదు. కొలత తేడా వస్తే బుష్ తప్పుగా కూర్చుందో, యాక్సిల్ వంగిందో వెతకాలి.

అన్న అడిగిన "స్పానర్ పట్టే జాగ" ప్రశ్నకు ఎనిమిదో అంశమే జవాబు. కారు కిందికి దించనక్కర్లేదు, చక్రం కారు నిలబడిన ఎత్తుకు వస్తే చాలు. అదనంగా పట్టే సమయం పది నిమిషాలు.

మా తప్పు కూడా చెప్పాలి. మొదటి బుష్‌ను మేమే ఎక్కించాం, గుర్తు సరిగా చూడక ఖాళీలను అడ్డంగా పెట్టేశాం. దాన్ని తీయడంలో కొత్త బుష్ పాడైంది. ఇంకోటి మా డబ్బుతో కొన్నాం. రెండోదాన్ని అన్న ఎక్కించాడు, ఒక్క దెబ్బ కూడా వేయకుండా. లెక్క మాకు తెలిసింది, చేయి ఆయనకు తెలిసింది.

ఆ కారు ఏడాదిగా తిరుగుతోంది. మొన్న ఎత్తి చూస్తే రబ్బరు చెక్కుచెదరలేదు. కోసిన జీతం మాత్రం తిరిగి రాలేదు. కాని ఇప్పుడు ఆ షెడ్డులో పని మొదలుపెట్టే ముందు టేపుతో ఎత్తు కొలిచి, సుద్దముక్కతో అద్దం మీద రాస్తున్నారు. కొత్తగా చేరిన కుర్రాళ్ళకు అన్నే నేర్పుతున్నాడు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! చేసే పని ఏదైనా "ఎందుకు?" అని అడగడం అలవాటు చేసుకోండి. చదువుకున్నవాళ్ళం ఆ కారణాన్ని ఇంటికి తీసుకువెళ్ళి, మన అన్నలకు, నాన్నలకు అర్థమయ్యేలా చెప్పగలగాలి. కారణం తెలిసిన పనివాడి జీతం కోయడం అంత సులభం కాదు.