మీ వంటింటి కిటికీ... ఈ వారమే తేల్చేయండి!

సిరిసిల్ల, కరీంనగర్, నల్లగొండ వైపు నుంచి వచ్చిన మన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా భివండీలో సాంచాలు (మరమగ్గాలు) నడుపుతున్నాయి. ఇక్కడ నేసిన తానులు ఎక్కడెక్కడికో వెళ్తాయి. మరి ఇక్కడే నిజాంపురాలో మీ వంటింటి కిటికీకి ఏముంది? ఓ పాత చీర ముక్క. లేదా రంగు వెలిసిన ప్లాస్టిక్ షీటు. "తర్వాత చూద్దాంలే" అని ఎప్పుడో కట్టిందే కదా!

ఆ "తర్వాత"కు ఇవాళే డేట్ వేయండి. కిటికీకి ఝాలర్ వేయాలా వద్దా, వేస్తే ఏ గుడ్డ? కిటికీ చిన్నదే. కానీ డెసిషన్ మేకింగ్ ఇలాంటి చిన్న పనుల మీదే అలవాటవుతుంది. మీరు చేయగలరు. మొదలుపెడదాం.

1. ముందు అవసరం తేల్చండి

ఝాలర్ అంటే కిటికీ పైభాగంలో మాత్రమే వేలాడే పొట్టి తెర. షోరూమ్‌లో వాలెన్స్ అని అడగండి. కింద అంతా ఖాళీగా ఉంటుంది కాబట్టి గాలి, వెలుతురు ఆగవు. అందుకే వంటింటికి నప్పుతుంది.

కానీ ఒకే ఖోలీలో వంటా పడకా రెండూనా? నైట్ షిఫ్ట్ చేసొచ్చిన మనిషి పగలు నిద్రపోవాలా? అయితే మీకు ఝాలర్ కాదు, నిండు పరదా కావాలి. పక్కింటి వదిన పెట్టించిందని మీరూ కొనకండి.

గ్యాస్ పొయ్యి వెనకే కిటికీ ఉంటే అసలు ఏ గుడ్డా వద్దు. గాలికి ఎగిరిన అంచు మంటకు అందుతుంది. పొయ్యి జరపండి. జరిపే వీలు లేదంటే ఈ ఆలోచన మానేయండి. ఈ ఒక్క విషయంలో రాజీ పడొద్దు.

2. టేపు పట్టండి

కంటి అంచనా వద్దు. ఝాలర్ పొడుగు కిటికీ ఎత్తులో సుమారు ఐదో వంతు చాలు. అంటే 48 అంగుళాల కిటికీకి 10 అంగుళాలు. కుచ్చులు కావాలంటే రాడ్ పొడవుకు రెట్టింపు గుడ్డ పడుతుంది: 36 అంగుళాల రాడ్‌కు 72 అంగుళాలు. సాదాగా అయితే రాడ్ పొడవు, దాంతోపాటు మడతలకు మరికాస్త.

నన్నడిగితే సాదాదే తీసుకోండి. సాంచాల నుంచి లేచే దూది నూగు మన గల్లీల్లో ఎప్పుడూ గాల్లో ఉంటుంది. దానికి పోపు జిడ్డు తోడైతే కుచ్చుల మధ్య బూడిదరంగు పొర కడుతుంది. దులిపితే రాలదు, తుడిస్తే పోదు.

3. గుడ్డనే అడగండి

కొట్లో "ప్యూర్ కాటన్" అన్న మాట మీద ఆగిపోకండి. చిన్న కట్ పీస్ ఇంటికి తెచ్చుకోండి. పడుగు నుంచి ఒక పోగు, పేక నుంచి ఒక పోగు లాగండి. స్టీలు పళ్లెం మీద, పట్టకారుతో పట్టుకుని, పక్కన నీళ్లు పెట్టుకుని, విడివిడిగా కాల్చండి. కాగితం కాలిన వాసన, వేళ్లతో నలిపితే పొడయ్యే మెత్తటి బూడిద... అది కాటన్ కావచ్చు, పాలిస్టర్ మాత్రం కాదు. మంట సోకగానే ముడుచుకుని, కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగిలిందా? అది పాలిస్టర్ లాంటి సింథటిక్. రెండు పోగులూ ఎందుకంటే, పడుగు ఒక దారం, పేక ఇంకో దారంతో నేసిన రకాలుంటాయి. మీ చేతుల్లో ఉన్న విద్యే ఇది. మీ ఇంటికీ వాడుకోండి!

ఏది మంచిది? వానాకాలంలో పాలిస్టర్ త్వరగా ఆరుతుంది, నిజమే. కానీ నూనె మరక పట్టిందంటే ఒక పట్టాన వదలదు. కాటన్‌ను వేడినీళ్లలో సబ్బు పెట్టి గట్టిగా ఉతకొచ్చు. నా ఓటు కాటన్‌కే.

కత్తిరించే ముందే రాత్రంతా నానబెట్టి ఆరేయండి. కాటన్ తొలి ఉతుకులోనే కురచవుతుంది. గ్రే తాను (అద్దకం కాని గుడ్డ) ముక్క అయితే గంజి పోయేదాకా వేడినీళ్లలో ఉతకండి. రంగుదైతే తడిపిన తెల్ల గుడ్డతో రుద్ది చూడండి. రంగు అంటిందా, వదిలేయండి.

4. ఇంట్లో మాట్లాడండి, కానీ గడువు పెట్టండి

అత్తమ్మకు ఎరుపు, మీకు లేత పసుపు? వాదన వద్దు. రెండు ముక్కలూ కిటికీకి గుచ్చండి. మధ్యాహ్నం ఎండలో ఒకసారి, రాత్రి ట్యూబ్‌లైట్ కింద ఒకసారి అందరూ చూడండి. ఆఖరి మాట మాత్రం రోజూ అక్కడ నిలబడి వండేవాళ్లదే. రాత్రి భోజనాల్లోపు తేలిపోవాలి. తేలాక మళ్లీ తిరగదోడకండి.

5. ఉతుకు రోజును క్యాలెండర్‌లో రాయండి

నెలకోసారి. అందుకే రెండు జతలు ఉండాలి, ఒకటి ఉతుకులో ఉంటే ఇంకోటి కిటికీకి. అద్దె ఖోలీలో గోడకు మేకులు కొట్టనివ్వకపోతే స్ప్రింగ్ రాడ్ బిగించండి. తీయడం, పెట్టడం నిమిషం పని. రెండో జత గుడ్డ కూడా ఇప్పుడే, అదే తానులోంచి కోయించుకోండి. అద్దకం మారితే షేడ్ మారుతుంది, వచ్చే నెల వెళ్తే సరిగ్గా అదే రంగు దొరక్కపోవచ్చు.